మూడుసార్లు ఊపిన తల

మెడలో టేపు వేసుకున్న దర్జీ అక్క, కుట్టుమిషన్ ఆపేసి చెల్లెలి ఫోన్‌లోకి తొంగిచూసింది.

"అక్కా, భాష నేర్పే ఈ యాప్‌లో మొదటి పాఠం 'ఏనుగు పాలు తాగుతోంది'."

"ఏనుగుతో నాకేం పనే? ఇంకోటి చూడు."

"ఇది బాగుంది. ఆర్నెల్లలో భాషంతా వచ్చేస్తుందిట."

"ఆర్నెల్లా! నాకు సాయంత్రానికల్లా రావాలి!"

"అంత తొందరేమొచ్చింది?"

"ఎదురు కొట్లో వాచీలు బాగుచేసే ఆయన నిన్న వాళ్ళ భాషలో ఏదో అడిగాడు. అడుగుతుంటే ఆయన చెవులు ఎర్రబడిపోయాయనుకో. నేను మూడుసార్లు తలూపాను."

"అర్థం కాకుండానే?"

"ఆ చెవులు చూస్తే అర్థమైపోయిందిలే."

"అక్కా, అటు చూడు! వాళ్ళమ్మని వెంటబెట్టుకుని వస్తున్నాడు!"

"అమ్మో! త్వరగా ఒక్క ముక్క వెతికిపెట్టవే!"

"ఏ ముక్క? 'కుదరదు' అనా?"

"నీ మొహం! 'కూర్చోండి అత్తయ్యా' అని!"