మందు పట్టేదాకా

కుట్టుషాపు అప్పుడే తెరిచారు. మాత్ర వేసుకున్న తమ్ముడు నీళ్ల గ్లాసు అక్క చేతికి తిరిగిచ్చాడు.

"నోరు తెరువు. నాలుక ఎత్తు."

"మింగేశానక్కా. మానేసి ఏడాది దాటింది, ఇంకా నమ్మవా?"

"మనసు కుదురుగా నిలవని ఆ ఏడీహెచ్‌డీ జబ్బుకి ఇచ్చిన మాత్రల్ని దాచిపెట్టి, పొడి చేసి మత్తు కోసం పీల్చినవాడివి. డబ్బా తాళం నా దగ్గరే ఉంచమన్నది డాక్టరు."

"సరే, చూడు. చాలా? పనికి పోతా."

"ఆలస్యంగా వస్తావని మీ ఓనరుకి చెప్పాను. ఈ చొక్కాకి బొత్తాలు కుట్టు."

చాలాసేపటికి అతను చొక్కా మడిచి ఇచ్చాడు.

"అన్నీ కుట్టావు. ఒక్కసారీ లేవలేదు. మందు పట్టినట్టుంది."

"పట్టిందక్కా. బుర్ర కుదురుగా ఉంది. ఇదంతా నీ చలవే."

"మత్తు కోసం నా కుట్టుమెషిను అమ్మేసిన రోజు గుర్తుందా? నేను ఏడుస్తూ అడుగుతుంటే, సగంలో లేచి ఫ్యాను రెక్కలు తుడిచావు."

"అప్పుడు నా మనసు ఒక్కచోట నిలిచేది కాదు. నీకు తెలుసుగా."

"తెలుసు. అందుకే అప్పుడు నోరు మూసుకున్నాను. నీతో మత్తు మాన్పించి, ఈ వైద్యం మళ్లీ మొదలుపెట్టమని డాక్టరు కాళ్లావేళ్లా పడ్డాను."

"నా మీద ప్రేమతోనేగా?"

"కొంత."

"మిగతాది?"

"షట్టరు దించి కూర్చో. అమ్మేసిన మెషిను దగ్గర్నుంచి తిట్టడం మొదలుపెడతాను. ఇవాళ ఒక్క ముక్క వదలకుండా వింటావు."