పన్నెండో నంబరు బావికి రెండో అవకాశం

1990 జూలై నాలుగవ తేదీ ఉదయం తొమ్మిది గంటలకు, భుజాన సంచితో, చేతిలో నియామక పత్రంతో మన కార్యాలయంలో అడుగుపెట్టిన ఆ యువ ఇంజనీరే నేడు పదవీ విరమణ చేస్తున్న మన ప్రధాన రిజర్వాయర్ (భూగర్భ చమురు నిల్వల) ఇంజనీరుగారు. ముప్పై అయిదేళ్లు చమురు బావుల లెక్కలలో మునిగి తేలినా ఆమె ముఖాన విసుగును చూసినవారు లేరు; టీ చల్లారిపోయిన సందర్భాలను మాత్రం మినహాయించాలి.

భూగర్భంలో చమురు సమృద్ధిగా ఉన్నా, బావి చుట్టూ ఉన్న రాతిలో డ్రిల్లింగ్ బురద పేరుకుంటే చమురు రాక తగ్గిపోతుంది. అటువంటి అడ్డంకికి ‘స్కిన్’ అని పేరు. దానిని అంకెలలో పెట్టి, తొలగిస్తే ఏ బావి ఎంత ఇస్తుందో ముందుగా చెప్పడమే ఆమె విద్య.

ఉద్యోగంలో చేరిన ఆరవ ఏట, సిమెంటుతో శాశ్వతంగా మూసివేయనున్న పన్నెండో నంబరు బావికి ఆమె అడ్డుపడ్డారు. సున్నా ఉండవలసిన స్కిన్ పద్దెనిమిది ఉందనీ, ఆమ్లంతో కడిగితే ఉత్పత్తి మూడింతలవుతుందనీ ధీమాగా వ్రాసిచ్చారు. కడిగారు. బావి ఉలకలేదు, పలకలేదు.

కాగితాలు ముందేసుకుని కూర్చున్న ఆమె రెండు రోజులలో తప్పు పట్టుకున్నారు. చమురు పొర మందం నలభై మీటర్లు. బావిలో దించిన గొట్టానికి చమురు లోపలికి వచ్చేందుకు రంధ్రాలు పొడిచింది పై ఎనిమిది మీటర్లకే. చమురంతా ఆ ఇరుకులో తోసుకురావలసి వస్తోంది. మొదటి లెక్కలో ఆ నేరాన్ని కూడా ఆమె బురద మీదికే నెట్టారు. ఇరుకును ఆమ్లం ఏం చేయగలదు?

నిండు సమావేశంలో లేచి, “తప్పు బావిది కాదండీ, నాది. కింద కూడా రంధ్రాలు పొడవనివ్వండి, చాలు” అన్నారు. ఈసారీ ఫలితం రాకపోతే ఈ విభాగం నుంచి తప్పుకుంటానని కాగితం వ్రాసి బల్ల మీద పెట్టారు. అధికారులు సిమెంటు పని ఆపడానికి వెనకాడారు. వయసులో పెద్దవారైన డ్రిల్లింగ్ ఫోర్‌మన్ గారు మాత్రం, “తప్పు ఒప్పుకున్న ఇంజనీరుని నా సర్వీసులో ఇప్పుడే చూస్తున్నా. సిమెంటు ఎక్కడికీ పోదు, ఓ రెండు రోజులు ఆగండి” అన్నారు.

మూడవ నాటి మధ్యాహ్నానికి బావి మూడింతలకు మించి ఇచ్చింది. ఫోర్‌మన్ గారు ఆ కాగితాన్ని చించలేదు. ఫ్రేము కట్టించి ఆమెకే బహూకరించారు. ఆమె ఇంట్లో తప్పు ఒప్పుకున్న దాఖలా మాత్రం ఒక్కటీ లేదని వారి భర్తగారు సవినయంగా మనవి చేస్తున్నారు.

తదనంతరం విభాగాధిపతిగా ఎదిగి, ఎందరినో తీర్చిదిద్దిన ఆమె ఒక నియమం పెట్టారు: ప్రతి అంచనా చివరి పుటలో ‘నేను ఎక్కడ పొరపడి ఉండవచ్చు’ అని వ్రాయాలి. నిన్న అప్పగించిన తన ఆఖరి నివేదికలోనూ ఆ పుట ఉంది. అందులో ఒకే వాక్యం: “పన్నెండో నంబరు బావి నాకంటే ముందే రిటైరవుతుందనుకున్నాను.”

ఆ బావి నేటికీ ఇస్తూనే ఉంది. మన ఇంజనీరుగారు కూడా నిండు ఆరోగ్యంతో, వేడి టీతో, కుటుంబ సమేతంగా నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాం. ఈ అంచనాకు మాత్రం చివరి పుట వ్రాయడం లేదు.