రాజవ్వ రాళ్లు

"అమ్మమ్మా, ఖిల్లా గుట్ట మీద కొత్తగ వాకింగ్ తొవ్వ ఏసిండ్రట గదా. రేపు పొద్దుగాల పోతున్న. నువ్వస్తవా?"

నేను రాను బిడ్డ, నువ్వు పో. పోయిన ఐతారం మీ మామ బండి మీద తోలుకపోతె సూసొచ్చిన గదా. గేటు పెట్టిండ్రు, చెట్లకు పేర్ల బోర్డులు కొట్టిండ్రు. తునికి చెట్టుకు గుడ బోర్డే! గా చెట్టు ఆకు తెంపి తెంపి మా చేతులు నల్లగైతుండె. నవ్వొచ్చింది. ఇగ గంతే, మల్ల నవ్వలే.

గప్పుడు గది మేకలు నడిసే బాట. ఎండకాలమొస్తె తెల్లారకముందే, మబ్బుల్నే లేసి, సద్ది గట్టుకొని, ఆడోళ్లమంత బీడీల ఆకుకు పోతుంటిమి. మా అక్క రాజవ్వ ముందు, నేను ఎన్క. ఏం నడక అనుకున్నవ్, ఎవ్వలు అందకపోదురు. గామెను కోరుట్లల ఇచ్చిండ్రు... కాదు కాదు, ఇయ్యలే, మాట మాట్లాడుకున్నరు, లగ్గం ఇంక కాలే. గా బురుజు కింద ఆకు తెంపుతుంటె పాము ముట్టింది. "ఏం లేదే, ముల్లు గుచ్చింది" అన్నది. ఎత్తుకొని దిగుదామనేసరికి గాడ్నే, నా ఒళ్లెనే పాణం ఇడిసింది.

వాగొడ్డున కాలవెట్టిండ్రు. ఫోటో అంటవా, మా ఇండ్లల్ల ఎవలకుండె ఫోటో? మా దిక్కు గదొకటి ఉండె సూడు, తొవ్వల ఎవలన్న సచ్చిపోతె, గా జాగల వచ్చేటోళ్లు పోయేటోళ్లు ఒక రాయి పెట్టి, మీద పచ్చి రెమ్మ ఏసి పోతరు. ఎరుకున్నోళ్లే గాదు, మేకలోళ్లు, కట్టెలోళ్లు, సీతాఫలాలకు మల్యాల దిక్కుకెల్లి వచ్చేటోళ్లు గుడ. గట్ల గట్ల బురుజు కింద మా అక్క కుప్ప నా నడుమంత ఎత్తయింది. నేను ముసల్దాన్నయిన గని మా అక్క గాడ పెరుగుకుంటనే ఉండె.

గీ తొవ్వ పని మొదలువెట్టినంక ఎవ్వల్ని పైకి రానియ్యలే. వానకాలం పోయింది, సలికాలం పోయింది, రెమ్మలు ఎండి రాలినయి. పచ్చి రెమ్మ ఉంటె మనోడు ఎవ్వడన్న ముట్టునా? పనోళ్లేమో ఎక్కడోళ్లో, పరాయి రాజ్యమోళ్లు. ఎవలో పనికే రాళ్లు కుప్ప పోసి పెట్టిండ్రనుకున్నరట. తీసి తొవ్వల పరిసిండ్రు. వాళ్లననేదేమున్నది? రాయి మీద పేరుంటదా?

మీ మామేమో "రాళ్లే గదనే అమ్మా, మల్ల పెట్టుకుందం" అంటడు. "ఎవలు పెడ్తరురా?" అన్న నేను. రాజవ్వ ఎవలకెరుక? నాతోని ఆకుకొచ్చినోళ్లంత పోయిండ్రు. రేపు నేను పోతె రాజవ్వనే మనిషి పుట్టనట్టే. గాడ నిలబడి సూస్తె బురుజున్నది, కింద జాగంత సాపుగున్నది. సిమెంటు బెంచీ ఏసిండ్రు. కూసోబుద్ది గాలే. ఏడుద్దమన్న యాడ మొఖం పెట్టి ఏడువాలె బిడ్డ?

సరె తియ్, నువ్వు పో. నడువు. నీ పాణం సల్లగుండాలె, నీ కాలుకు ముల్లు గుచ్చద్దు. జర బురుజు కాడ మాత్రం బూట్లు ఇడిసి నడువే. ఏ రాయి గామెదో ఎట్ల తెలుస్తది... అన్ని గామెవే అనుకో. మెల్లగ నడువు బిడ్డ, మెల్లగ...