బాద్షా విమానమెక్కిన ముచ్చట

ఎల్లారెడ్డి బస్టాండు ఎదుట మంగవ్వ చాయ్ హోటల్లో పర్శరాములు నోరు తెరిచాడంటే, కామారెడ్డి బస్సు కోసం వచ్చినవాళ్లలో ఇద్దరికైనా బస్సు తప్పిపోతుంది. ట్రాలీ ఆటో నడుపుకునే మనిషి, యాభై దాటాయి. భిక్నూర్ దగ్గర ఆగిపోయిన రైలును ట్రాలీకి కట్టి స్టేషన్ దాకా గుంజుకొచ్చానని ఒకసారి, వడగండ్ల వానను తువ్వాల ఊపి పక్క ఊరికి మళ్లించానని ఒకసారి చెప్పినవాడు. మంగవ్వ అవన్నీ పొయ్యి ముందు నిలబడే వింటుంది. నమ్మదు. అడ్డమూ రాదు. కోసేవాడు కోస్తుంటే చాయ్ తాగేవాళ్లు తాగుతుంటారు, ఆమెకేం పోయింది.

అయితే ఈ వారం ఆమెకు ఒకటి అంతుపట్టలేదు. పర్శరాములు హైదరాబాదు నుంచి వచ్చి నాలుగు రోజులైంది. వస్తున్నాడు, చాయ్ తాగుతున్నాడు, గ్లాసు పెట్టి పోతున్నాడు. ఒక్క కోత లేదు. పోయిన పని చిన్నదా అంటే, ఊరంతా చెప్పుకుంటున్న పని.

అతని ముందరింట్లో నాలుగేళ్లు కిరాయికున్న నర్సు గ్లోరీకి ఐర్లాండ్‌లో ఉద్యోగం వచ్చింది. రోడ్డు మీద దొరికిన కుక్కపిల్లను తెచ్చి పెంచి, వెనక కాలు కుంటుతున్నా సరే బాద్షా అని పేరు పెట్టుకున్న పిల్ల. కుక్క లేనిదే పోనంది. ఆ దేశం వాళ్లేమో తోలు కింద చిప్పు ఉండాలి, రేబిస్ సూది వేయించాలి, నెత్తురు తీసి పరీక్షకు పంపాలి, తీసిన నాటి నుంచి మూడు నెలలు ఆగాలి అన్నారు. ఉద్యోగం అన్నాళ్లు ఆగదు. పిల్ల ముందు పోయింది, బాద్షా పర్శరాములు దగ్గర ఉండిపోయింది. పెళ్లాం చనిపోయాక ఆరేళ్లుగా ఒక్కడే ఉంటున్న ఇంట్లో, ఆ మూడు నెలలూ కుక్క అతని మంచం కోడుకు ఆనుకొని పడుకుంది. గడువు తీరగానే పోయిన వారం దాన్ని శంషాబాదు తీసుకుపోయాడు.

అతను తిరిగొచ్చిన నాలుగో రోజు పొద్దున పదకొండు గంటలప్పుడు ముసురు పట్టింది. ఎరువుల దుకాణంలో పనిచేసే దేవరాజ్ చాయ్ ఊదుకుంటూ మాట కదిపాడు.

"ఏమాయె కాకా, బాద్షాను ఇమానం ఎక్కిచ్చినవా?"

పర్శరాములు గ్లాసులోకి చూశాడు. బయట వానను చూశాడు. ఆ తర్వాత ఒక కాలు మడిచి బెంచీ మీద పెట్టాడు. తండా నుంచి పాలు తెచ్చే సక్రు లేవబోయినవాడు అది చూసి, ఖాళీ క్యాను కింద పెట్టి మళ్లీ కూర్చున్నాడు. కాలు మడిచాడంటే కథ ఉన్నట్టే.

"ఎక్కిచ్చుడంటే మామూలు ఎక్కిచ్చుడు గాదు దేవరాజూ. పొద్దుగాల బండి తీసిన. ఎనక పెట్టె, పెట్టెల బాద్షా. కామారెడ్డి దాటి హైవే ఎక్కినంక ఆడు పెట్టెల ఉండనన్నడు, సరే తియ్ అని ముందట సీట్ల కూసోబెట్టుకున్న. టోలు కాడి మనిషి అద్దంలకెళ్లి చూసి సారెవరన్నడు. ఐర్లాండ్ పోతుండన్న. సలాం కొట్టిండు."

"గీడిదాక నమ్ముత," అన్నాడు సక్రు.

"నమ్మకుంటే నాకేంది. శంషాబాదుల సామాన్లు పంపే కాడికి పోయినం. కాయితాలు చూసిండ్రు, మెడ మీద మిషిని పెట్టి చిప్పు నంబరు చూసిండ్రు, అన్నీ సక్కగున్నయి. పెట్టెలకు పో అంటే ఆడు పోడు. నలుగురు గుంజిండ్రు, పోడు. పెద్ద ఆఫీసరొచ్చి బిస్కటు పెట్టిండు, మొకం తిప్పుకున్నడు. ఇగ గప్పుడేమైందో ఎర్కేనా? ఆఫీసరు నా దిక్కు తిరిగి, అన్నా, గిది నువ్వు లేంది పోయేటట్టు లేదు, మాకు ఆలీసమైతుంది, నువ్వు సుత ఎక్కుమన్నడు."

"నీకు పాస్‌పోర్టు లేదు గద కాకా."

"గదే అన్న. మరి ఏమున్నదన్నడు. రేషన్ కార్డున్నదన్న. చూసి, గిదైతే ఇంక మంచిదని ముద్ర కొట్టిండు."

మంగవ్వ నవ్వు ఆపుకుంటూ పొయ్యి మంట తగ్గించింది. మనిషి మళ్లీ దారిలో పడ్డాడు అనుకుంది. అంతలో కామారెడ్డి నుంచి వచ్చిన బస్సు ఆగింది. బూడిద రంగు చీర కట్టుకున్న పెద్దావిడ ఒకామె గొడుగు మూసుకుంటూ లోపలికి వచ్చింది. పర్శరాములు వీపును చూసి ఆగింది. అతని వెనక స్టూలు మీద కూర్చుంది.

"ఏడికి పోవాలె అక్కా?" మంగవ్వ మెల్లగా అడిగింది.

"ఈడికే," అందామె. "కానియ్, ఇననియ్."

పర్శరాములు అదేమీ చూడలేదు. "ఇమానానికి కడుపుంటది. సామాన్లన్నీ గండ్లనే ఉంటయి. నన్ను, బాద్షాను గండ్ల ఎక్కిచ్చిండ్రు. చలి సూడు, ఐసుడబ్బ లెక్క. తువ్వాల తీసి ఆనికి కప్పిన. ఇమానం లేవంగనే ఆడు ఒక్కసారి మొరిగిండు, మీద కూసున్న మూడొందల మంది బెల్టులు ఊడిపోయినయి. పైలట్ దిగొచ్చి, అన్నా మీద రెండు కిటికీ సీట్లున్నయి రాండ్రి అన్నడు. పోయి కూసున్నం. గాడ బువ్వ పెట్టే బిడ్డ అగ్గిపెట్టెంత డబ్బల అన్నం తెచ్చింది. మావోడు జొన్నరొట్టె తింటడు బిడ్డా అన్న. పాపం, గప్పటికప్పుడు పిండి పిసికి, ఇంజిను మీద కాల్చి తెచ్చింది."

"ఇంజిను బయట రెక్క కింద ఉంటది గద," అన్నాడు దేవరాజ్.

"కిటికీలకెళ్లి చెయ్యి పెట్టింది."

"గాలికి రొట్టె కొట్కపోలేదా?" సక్రు అడిగాడు.

"ఒకటి పోయింది. అరబ్బు దేశంల పడ్డది. గా ముచ్చట మల్ల చెప్త, దాని మీద కేసు నడుస్తుంది. ఇగ సముద్రం మీదికి పోయినం. ఎటు చూస్తే అటు నీళ్లు. గప్పుడేమైందో ఎర్కేనా? ఇంజిను బందయింది. అందరు దేవునికి మొక్కుతున్నరు. బాద్షా ముక్కెత్తి వాసన పట్టి, రెక్క కాడ వైరు కాలుతుందని చెప్పిండు."

"కుక్క చెప్పిందా?" దేవరాజ్ అడిగాడు.

"కుంటికాలు మూడుసార్లు కొట్టిండు. మూడంటే వైరు. మా ఇద్దరికి గట్ల లెక్కలున్నయి. లుంగి ఎగగట్టి రెక్క మీదికి దిగిన. జేబుల సైకిల్ ట్యూబు ముక్కుండె, దాంతోని బిగిచ్చి కట్టిన. ఇంజిను గుర్రుమన్నది. లోపటికొచ్చి చూస్తే పైలట్ సొమ్మసిల్లి పడున్నడు. ఎవలు నడపాలె? నేనే కూసున్న. హైవే మీద నడిపినోనికి ఆకాశమెంత దేవరాజూ, ఎదురుంగ లారీ లేదు, అడ్డం బర్రె లేదు, స్పీడుబ్రేకరు లేదు. ఒంటిచేత్తోని నడిపిన. బాద్షా పక్కకు కూసోని కుడికి మొరిగితే కుడికి, ఎడమకు మొరిగితే ఎడమకు."

"రివర్స్ గిట్ల కొట్టవడ్డదా అన్నా?" సక్రు అడిగాడు.

"ఒక్కసారి. ముచ్చట్లల్ల పడి ఐర్లాండ్ దాటిపోయినం. మల్ల ఎనకకు తెచ్చిన."

హోటల్లో అందరూ నవ్వుతున్నారు. పర్శరాములు నవ్వలేదు. కోసేటప్పుడు అతను ఎన్నడూ నవ్వడు. "దిగేసరికి గా దేశం మంత్రి దండ పట్టుకొని నిలబడ్డడు. మూడొందల పానాలు కాపాడినవు, మా దగ్గరనే ఉండు, నీకు కుక్కల శాఖ ఇస్తమన్నడు. మంగవ్వ చాయ్ దొరుకుతదా ఈడ అన్న. దొరకదన్నడు. మరి నేనుండ, బాద్షాను జర మంచిగ చూసుకోండ్రని చెప్పి తిరిగిన. తిరిగితే ఆడు నా లుంగి అంచు నోట్ల పట్టుకొని..."

మాట తెగింది. గ్లాసు ఎత్తాడు, అందులో చాయ్ లేదు. మంగవ్వ అది గమనించింది. అతను ఖాళీ గ్లాసు కింద పెట్టాడు.

"లుంగి పట్టుకున్నడు. ఇగ గప్పుడేమైందో ఎర్కేనా?"

"నాకెర్కే," అంది వెనక కూర్చున్న పెద్దావిడ.

పర్శరాములు తిరిగి చూశాడు. మడిచిన కాలు తనంతట తానే కిందికి దిగింది.

"మరియక్కా," అన్నాడు.

ఆమె అతన్ని కాకుండా మిగతా వాళ్లను చూసి మాట్లాడింది. "నేను గ్లోరీ పెద్దమ్మను. కామారెడ్డిల ఉంట. ఆ దినం బండ్ల ముందట సీట్ల కూసున్నది నేను. ఈ తమ్మి ఇమానం ఎక్కుడు కాదు, గేటు సుత దాటలే. కుక్క పెట్టెల పోకుంటే తనే తల, భుజాలు పెట్టెల దూర్చి రా బిడ్డా, రా బిడ్డా అని పిలిసిండు. అది పోయింది. ఈయన ఇరుకవడ్డడు. ఇద్దరు కాళ్లు పట్టి బయటికి గుంజిండ్రు."

దేవరాజ్‌కు చాయ్ పొలమారింది. మరియ ఆగలేదు.

"గడియ పెట్టుమంటే పెట్టలేకపోయిండు. నేను పెట్టిన. అది లుంగి ఇడువకపోతే అంచు చింపి పెట్టెల ఉండనిచ్చిండు. ఇగ పోదాం పా అంటే రాడు. రెండు దినాలు గేటు బయట వాచ్‌మన్ పక్కన కూసున్నడు. లేసిన ప్రతి ఇమానాన్ని చూసి గిదేనా, గిదేనా అని ఆ వాచ్‌మన్ పానం తీసిండు. కుక్క చేరిందని గ్లోరీ ఫోన్ చేసినంకనే బండి తీసిండు."

ఇప్పుడు నవ్వేవాళ్లు లేరు. సక్రు క్యాను మూత తీసి మళ్లీ పెట్టాడు. ఇన్నేళ్లలో పర్శరాములు చేసినవాటిలో చెప్పుకోదగ్గది ఇదొక్కటే, దీన్నొక్కదాన్నే దాచుకున్నాడు అనుకుంది మంగవ్వ.

"ఫోన్ ఎందుకు ఎత్తుతలేవు తమ్మీ?" మరియ అడిగింది. "నాలుగు దినాల సంది పిల్ల చేస్తుంది, నేను చేస్తున్న."

"సిగ్నల్ లేదక్కా."

మరియ అతని చొక్కా జేబులో ఉన్న ఫోన్ వైపు చూసింది. అప్పుడతనే అన్నాడు. "పిల్ల ఏం చెప్తదో అని బుగులైంది."

"బాద్షా తింటలేదు. పోయిన కాడి నుంచి నీళ్లు తప్ప ఏం ముట్టలే. ఒంట్ల ఏం రోగం లేదన్నడట డాక్టరు. ఇయ్యాల తినకుంటే దవఖానల పెట్టాలె అన్నడు. నీ గొంతు ఒక్కపారి ఇనిపిద్దామని పిల్ల మొత్తుకుంటుంది. అందుకే వచ్చిన."

ఆమె అక్కడికక్కడే తన ఫోన్‌లో గ్లోరీకి వీడియో కాల్ కలిపింది. అక్కడ ఇంకా తెల్లవారుతూ ఉంది. డ్యూటీ బట్టల్లో ఉన్న గ్లోరీ ఫోన్ కిందికి దించింది. గోడవైపు మొహం పెట్టుకొని బాద్షా పడుకొని ఉంది. పక్కటెముకలు కనిపిస్తున్నాయి. మెడ కింద లుంగీ పేలిక. ముందు నిండుగా ఉన్న పళ్లెం.

పర్శరాములు ఫోన్‌ను రెండు చేతులా పట్టుకున్నాడు. "బాద్షా. నేనురా."

చెవి కదిలింది.

"నేను రాలేకపోయిన బిడ్డా. గేటు దాకనే వచ్చిన. గంతకంటె రానియ్యలేదు. తినురా."

చెవి మళ్లీ వాలిపోయింది.

"గట్ల గాదు కాకా," అంది గ్లోరీ గొంతు. "నువ్వెన్నడన్న దానితోని గట్ల మాట్లాడినవా? నేను దినాం ఫోన్ల చూస్తుంటి గద. పళ్లెం ముందల పెట్టి ఏదో ఒకటి కోస్తుంటివి, అది ఇనుకుంట తింటుండె. గట్ల చెప్పు."

పర్శరాములు తలెత్తి చుట్టూ చూశాడు. అందరూ ఇంతకు ముందే తన కోత తెగడం కళ్లారా చూసినవాళ్లు. మంగవ్వ చెయ్యి చాచి, బర్రుమంటున్న స్టవ్‌ను ఆపేసింది.

"నిన్న," అన్నాడు. ఆగాడు. "నిన్న పోచారం అడవిలకెళ్లి వస్తున్నరా. బండికి అడ్డం చిరుతపులి పడ్డది. గింత పొడుగు. హారన్ కొట్టిన, జరుగదు. దిగి పోయి చెవు పట్టుకున్న. ఎవలనుకున్నవు, పర్శరాములు బండికే అడ్డమొస్తవా అన్న."

బాద్షా తల గోడ నుంచి ఇటు తిరిగింది. పర్శరాములు గొంతు కొంచెం పెరిగింది.

"అది ఏడ్సింది బాద్షా. అన్నా, కాలు నొస్తుంది, ఎల్లారెడ్డి దాక తోల్కపో అన్నది. సరేనని ఎనక ఎక్కిచ్చుకున్న. ఇగ గప్పుడేమైందో ఎర్కేనా?"

కుక్క లేచింది. కుంటుకుంటూ వచ్చి ముందు ఫోన్ వెనక వాసన చూసింది, అక్కడ ఎవరూ లేరు. పళ్లెం దగ్గరికి పోయింది. ఒక ముద్ద, ఇంకో ముద్ద. పళ్లెం నేల మీద గీసుకుంటూ జరుగుతోంది. పర్శరాములు కథ మధ్యలో వదిలేసి అదే చూస్తుండిపోయాడు. ఇటు గొంతు ఆగేసరికి అటు బాద్షా కూడా తినడం ఆపి తలెత్తింది.

సక్రు అతని భుజం మీదుగా ఫోన్‌లోకి వంగాడు.

"నిజమే బాద్షా, నేను చూసిన," అన్నాడు. "చిరుత పక్కపొంటి కూసొని వచ్చింది నేనే."

పళ్లెం మళ్లీ జరిగింది.