పెట్టాను

ఉత్తర విస్కాన్సిన్‌లో టిన్‌కప్ సరస్సు. సెప్టెంబరు చివరి వారం, మబ్బు పట్టిన మధ్యాహ్నం. పడవ ముందుభాగంలో రూడీ, వెనక మోటారు దగ్గర ఆర్డిస్.

“ఆ ఎర కాదు ఆర్డిస్. అది గాలి ఉన్న రోజుకి. ఇవాళ నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అంత చప్పుడు చేశావంటే మస్కీ చేప పక్క జిల్లాకి పారిపోతుంది.”

“మరి ఏది?”

“ఆ నల్లది. రెక్కలున్నది. ఎలుక ఈదుతున్నట్టు టుప్పు టుప్పుమంటూ వస్తుంది. కింద నుంచి చూసే చేపకి నలుపే బాగా... ఆగు. ఈ పెట్టె నీకెక్కడిది?”

“మీ గ్యారేజీలోది. పొద్దున్న నువ్వు పెట్రోలు కొట్టించడానికి వెళ్ళినప్పుడు మీ ఆవిణ్ణి అడిగాను, ఇచ్చింది.”

“లొరెట్టా ఇచ్చిందా? తన కుట్టుమిషను మీద నా చెయ్యి పడనివ్వదు గానీ నా ఎరల పెట్టె ఊరికి పంచుతుందా?”

“నీటి మీద తేలే ఎరలు నేర్పుతానన్నావు. ఎరలు లేకుండా ఏం నేర్పుతావు?”

“నేను వేరే పెట్టె తెచ్చాను కదా. ఇది... ఇది ఏడాదిగా తెరవలేదు. పై అర ఒక్కటే తీశావా?”

“కింద అరలో ఏముంది?”

“ఏముంటుంది, తుప్పు కొక్కేలు. గుచ్చుకుంటాయని అడిగాను.”

“గుచ్చుకోలేదు.”

“సరే. సరే, ఆ నల్లది కట్టు. ముందు ఉక్కుతీగ. దాని పళ్ళకి ఉత్త దారం ఆగదు.”

“కట్టాను.”

“అప్పుడేనా? టీచరమ్మా, నీకు మీ ఆయన హార్లన్ ఇదివరకే నేర్పాడు. నన్ను ఆటపట్టిస్తున్నావు.”

“ముడులు నేర్పాడు. మిగతాది నువ్వే బాగా చెబుతావనేవాడు.”

“అనేవాడా? నా ముందు ఒక్కసారి అనలేదు, దొంగ సచ్చి... అలవాటులో వచ్చేసింది. ఏమనుకోకు.”

“ఏమనుకోను. విసరనా?”

“కలువాకుల అంచుకి విసురు. ఆకుల మీద కాదు, అంచుకి. ఆఁ. ఇప్పుడు చుట్టు. ఒకే వేగం. ఒకే వేగం అన్నానా! రెక్కలు రెండూ నీళ్ళని సమంగా కొట్టాలి.”

“చేప వెనక వస్తే ఎలా తెలుస్తుంది?”

“ఎర వెనక నీళ్ళు ఉబ్బుతాయి. నీటి కింద ఎవరో చెయ్యి పెట్టి తోస్తున్నట్టు. అందరూ అక్కడే పాడుచేసుకుంటారు. బెదిరి చుట్టడం ఆపేస్తారు. ఆపితే అది తిరిగిపోతుంది.”

“ఆపకూడదు.”

“అస్సలు ఆపకూడదు. నీళ్ళు పగిలినట్టు చప్పుడైనా గుంజకూడదు. చేతికి బరువు తెలియాలి, అప్పుడు గుంజాలి. హార్లన్‌తో వచ్చిన గొడవే అది. చప్పుడు వింటే చాలు, గుంజేసేవాడు. తొందర మనిషి.”

“హార్లన్ తొందర మనిషి కాదు.”

“చేపల దగ్గర అంటున్నాను.”

“పడవ దగ్గర?”

“...గాలం కర్ర కొంచెం పైకెత్తు. ఎర ముక్కు మునుగుతోంది.”

“పడవ దాకా వచ్చేసింది. తీసెయ్యనా?”

“తియ్యకు! కర్ర కొన నీళ్ళలో ముంచి ఎనిమిది అంకె చుట్టు. పెద్దగా. పలక మీద పిల్లలకి రాసి చూపిస్తావే, అలాగ. ఇంకోసారి. ప్రతి విసురుకీ చుట్టాలి.”

“వెనక ఏమీ రాలేదుగా.”

“నీకు కనబడలేదు, అంతే. పడవ నీడలో అడుగున ఉంటుంది. నిన్ను చూస్తూనే ఉంటుంది.”

“నిజమే.”

“ఏంటి నిజం?”

“ఏమీ లేదు. మళ్ళీ విసురుతున్నాను.”

“విసురు. ఎండ లేదు, గాలి లేదు, ఆ లైఫ్ జాకెట్టు బిగించుకుని కూర్చున్నావేంటి? చెయ్యి ఆడదు.”

“నీదీ వేసుకో రూడీ.”

“నలభై ఏళ్ళలో నేనూ హార్లనూ ఎప్పుడు వేసుకున్నాం... సరే. సరే, వేసుకుంటాలే. ఇంకొంచెం కుడికి విసరాల్సింది.”

“హార్లన్ పోయి రేపటికి ఏడాది.”

“తెలుసు.”

“పడవ మునిగింది ఈ కలువల దగ్గరేనటగా.”

“అటు, ఆ కొస దాటాక. వేరేచోటికి పోదామన్నా నువ్వు వినలేదు.”

“పొద్దున్న రేవులో ఉలిక్కిపడ్డావెందుకు?”

“నేనా?”

“నువ్వు పడవ బండి తగిలించిన ట్రక్కులో ఉన్నావు. నేను పడవ వెనక నిలబడి ‘పెట్టాను’ అని కేకేశాను. రివర్సు చెయ్యాల్సింది పోయి బ్రేకు తొక్కావు.”

“ఆడగొంతు వినేసరికి అలవాటు తప్పింది. ఇన్నేళ్ళూ ఆ కేక హార్లన్‌దో నాదో.”

“పడవ అడుగున నీళ్ళు వదిలే కంతకి బిరడా పెట్టినవాడు ‘పెట్టాను’ అనాలి. అది వినపడేదాకా ట్రక్కులో ఉన్నవాడు పడవ నీళ్ళలోకి దింపడు.”

“పడవని సరస్సులోంచి బయటికి లాగిన ప్రతిసారీ బిరడా తీసి నీళ్ళు వదిలేయాలి కదా, చట్టం. మళ్ళీ పెట్టడం మర్చిపోతారని ఆ కేక. ఇది నాకు నువ్వు చెప్పాలా?”

“ఒక్కడే వచ్చినవాడికి ఎవరు కేకేస్తారు?”

“ఎవరూ వెయ్యరు. తనే పెట్టాలి, తనే తోలాలి. అందుకే మర్చిపోతారు. హార్లనూ మర్చిపోయాడు. ఎన్నిసార్లు చెప్పించుకుంటావమ్మా?”

“ఒక్కడే వచ్చాడా?”

“నాకు నడుం పట్టేసింది ఆ రోజు. మంచం దిగలేదు. షెరిఫ్‌కి చెప్పాను, నీకు చెప్పాను, చర్చిలో పాస్టరుగారికీ చెప్పాను. చుట్టు, చుట్టు, ఆపేశావు.”

“పెద్ద ఫ్లాస్కు నింపమన్నాడు. రెండు కప్పులు పట్టుకెళ్ళాడు.”

“కాఫీ అంటే పడి చచ్చేవాడు కదా.”

“ఆ బిరడా ట్రక్కులో దొరకలేదు. ఆయన జేబులో లేదు. రేవు దగ్గర రాళ్ళన్నీ ఏరాను. కింద పడితే కనబడాలని దానికి ఎర్ర ఊలు కట్టింది నేనే.”

“ఇంత సరస్సు ఉంది ఆర్డిస్. ఎక్కడ పడిందో.”

“అవును. ఇంత సరస్సు.”

“...కదలకు.”

“ఏమైంది?”

“కదలకు అన్నాను. నీ ఎర వెనక. ఉబ్బింది చూడు, ఉబ్బింది! ఓరి దేవుడా, ఎంత తల! ఆపకు, అదే వేగం, వస్తోంది, వస్తోంది, ఇంకో నాలుగు బారలు. కర్ర కొన ముంచు. ఎనిమిది. ఎనిమిది చుట్టు! చుట్టవేం? ఆర్డిస్!”

“పోయింది.”

“ఎందుకాపావు? చెప్పానా లేదా, ఆపితే పోతుందని! నలభై ఏళ్ళలో అంతటిది నేను చూడలేదు!”

“నేను దాని కోసం రాలేదు రూడీ.”

“మరి దేని కోసం వచ్చావు?”

“నీ కాళ్ళు తడిగా ఉన్నాయి.”

“నీ ఎర నుంచి కారిన... ఇదేంటి? ఇన్ని నీళ్ళా? అడుగు పలక కింద అంతా నీళ్ళే! మోటారు వెయ్యి. వెయ్యి, వేగంగా పోతే నీళ్ళు వెనక్కి కారిపోతాయి.”

“తాళంచెవి నా దగ్గరుంది.”

“ఉంటే వెయ్యి! తోడే డబ్బా ఏదీ? కాఫీ డబ్బా, నీ బల్ల కింద ఉండాలి.”

“ఒడ్డున పెట్టాను.”

“ఒడ్డున... ఆర్డిస్. బిరడా పెట్టావా?”

“విన్నావుగా నా కేక.”

“విన్నాను. పెట్టావా?”

“ముప్పై రెండేళ్ళు పిల్లలకి ఇదే చెప్పాను రూడీ. ‘పెడతాను’ వేరు, ‘పెట్టాను’ వేరు. పెట్టాను అంటే ఆ పని అయిపోయినట్టు. ఇంకొకడు తిరిగి చూసుకోనక్కర్లేనట్టు.”

“పాఠం తర్వాత చెబుదువుగాని, ముందు...”

“హార్లన్ తిరిగి చూసుకోలేదు. ఎందుకు చూసుకోలేదో నాకు ఏడాదిగా అర్థం కాలేదు. నాతో వచ్చినా, మా తమ్ముడితో వచ్చినా, దిగి వచ్చి తడిమి చూసుకునేవాడు. ఒక్కడి కేకకే దిగి చూసేవాడు కాదు.”

“నడుం నొప్పిగా ఉండింది నాకు. నేను రేవులో లేనే లేను.”

“శవపేటిక మోసిన రోజు నీ నడుముకి ఏం కాలేదు. ముందు పిడి నువ్వే పట్టావు.”

“వంగలేకపోయాను ఆర్డిస్. కేకైతే వేశాను, వంగి పెడదామనుకునేలోపే...”

“లోపే?”

“...నీళ్ళు చీలమండ దాకా వచ్చాయి. నీకు దండం పెడతాను. బిరడా ఉందా, లేదా? అది చెప్పు.”

“ఉంది. పెట్టాకే కేకేశాను. నేను అబద్ధం కేక వెయ్యను.”

“ఉంటే నీళ్ళెలా వస్తున్నాయి?”

“నీ పడవది కాదు అది. కాస్త వదులు.”

“మరి ఎవరిది?”

“నీ పెట్టెలో కింద అరలో దొరికింది. ఎర్ర ఊలు ఇంకా దానికే ఉంది. నువ్వు మొదటి నుంచీ చెప్పడం అయ్యేదాకా పడవ ఆగుతుందిలే, చెప్పు.”