కూలింగ్ టవర్ తుంపరలు

హోటల్ డాబా మీద, ఏసీ నీళ్లను చల్లార్చే కూలింగ్ టవర్ తుంపరలు చిమ్ముతోంది. దాన్ని నడిపే తమ్ముడి మీద, నీళ్లు పరీక్షించే అక్క విరుచుకుపడింది.

“శాంపిల్ ఎప్పుడు తీశావురా?”

“క్లోరిన్ పోయగానే అక్కా. రిపోర్టు బ్రహ్మాండంగా వచ్చింది!”

“రాక చస్తుందా? మందు పోయగానే తీస్తే ఏ నీళ్లైనా బాగానే కనిపిస్తాయి! పోసే ముందు తియ్యమని మొత్తుకున్నానా లేదా? పైగా పైపులు తుప్పుపడతాయని మందు సగమే పోస్తున్నావట!”

“మేనేజరే తగ్గించమన్నాడు కదా!”

“మందు చాలక నీళ్లలో పెరిగిన బాక్టీరియా ఈ తుంపరలతో కింద గదుల్లోకి పోతోందిరా! ఇద్దరు గెస్టులు న్యుమోనియాతో ఆస్పత్రిలో ఉన్నారు, తెలుసా?”

“దానికీ దీనికీ ఏంటి సంబంధం? నీళ్లు శుభ్రంగా ఉన్నాయంటుంటే!”

“శుభ్రంగా ఉంటే, డాబా ఎక్కినప్పుడల్లా ముక్కుకి ఆ కర్చీఫ్ ఎందుకు కట్టుకుంటావురా?”

తమ్ముడు వెళ్లి టవర్ ఫ్యాన్ ఆపేశాడు.