నాన్నకు ఎడమ పక్క

బ్యాండు మేష్టారి మీద అంతలేసి కేకలెందుకు వేశావు నాన్నా? పాపం, ఆయనేమన్నాడని! "టైలరుగారూ, ఈ కోటుకి ఒక చెయ్యే ఉందండీ" అన్నాడు. అంతేగా! ఉన్నమాటేగా!

నువ్వేమో టేపు మెళ్లో వేసుకుని, ఆయన వెనక నిలబడి కుడి భుజం సవరిస్తూ, "చూడండి ఎలా పడిందో! కోటు కుట్టాక మిమ్మల్ని పుట్టించినట్టు లేదూ?" అంటావు. అద్దంలో చూస్తే ఆయన ఎడమ చెయ్యి ఉత్త చొక్కాతో వేలాడుతోంది. బ్యాండంతటినీ కనుబొమ్మతో ఆడించే మనిషి, నోరు తెరుచుకుని నా వైపు చూస్తాడు.

రేపు రమ్మన్నవాడు ఇవాళే ఊడిపడాలా! రేపటికైతే ఆ చెయ్యి నేను ఎక్కించేసి ఉండేదాన్ని. పొద్దున్నే, నువ్వు లేవకముందు, ఎప్పటిలాగే.

ఏమిటలా కుడి పక్కకి వెతుకుతావు? ఇక్కడున్నాను. నీ ఎడమ పక్క, స్టూలు మీద. ఊహూఁ... సరేలే, మెడ నొప్పెడుతుంది. రేడియో అనుకో. ఈ మధ్య నేనిటునుంచి ఎంత వాగినా నువ్వు అల్మరా మీద రేడియో గొంతు తగ్గించడానికే చెయ్యి చాస్తున్నావుగా.

అందుకే ఇక్కడ కూర్చున్నాను మరి. ఇక్కణ్ణుంచైతే ఏమైనా అనొచ్చు.

నీ కళ్లకేం కాలేదు, తెలుసా? డాక్టరమ్మ లైటు వేసి చూసింది. ఎడమ చేతిలో బలమూ ఉంది, దానికి పని చెప్పేవాడే లేడు. తలలో కుడి పక్క ఓ రక్తనాళం మూసుకుపోయి, అక్కడ కొంత మేర ఎండిపోయిందట. అంతే. లోకంలో ఎడమ అనేది పోయింది. పోయిందని కూడా నీకు తెలియదు. చీకటైతే చీకటైనా కనపడుతుంది కదా! నీకు అదీ లేదు. నా వీపు వెనక నాకు నల్లగా ఉంటుందా ఏం? అసలేమీ ఉండదు. నీకు ఎడమ అలాగన్నమాట.

ఇవన్నీ నాకెవరు చెప్పారంటావా? పదో తరగతిలో పుస్తకం మూసి కత్తెర పట్టినదాన్ని, ఎవరు చెప్తారు! పాత పుస్తకాల కొట్లో మెదడు గురించి ఒకటి దొరికింది. సగం అర్థమైంది, సగానికి ఏడుపొచ్చింది.

కన్ను చూడదట నాన్నా. గుడ్డ తెచ్చి పడేస్తుందంతే. చెవీ, ముక్కూ, చర్మమూ అంతే, తలా ఓ పేలిక తెచ్చి పడేస్తాయి. వాటిని కత్తిరించి, అతికి, "ఇదిగోనయ్యా లోకం" అని తొడిగేది లోపలున్నవాడు. పుట్టిందగ్గర్నుంచీ వాడు కుట్టిందే తొడుక్కుని తిరుగుతున్నాం. ఒక చెయ్యి ఎగ్గొట్టాడనుకో, మనకి నిండుగానే ఉంటుంది. సరిచూసేదీ వాడేగా! దొంగ చేతికే తాళాలిచ్చి కాపలా పెట్టినట్టు.

నమ్మలేక నీకు పరీక్ష పెట్టాను, గుర్తుందా? "కళ్లు మూసుకో నాన్నా. భోజనాల బల్ల దగ్గర నీ కుర్చీలో ఉన్నావు, మేం చిన్నపిల్లలం. ఎవరెవరున్నారు?" అన్నాను.

"ఎదురుగా మీ అమ్మ. ఇటు అక్క."

"ఇంకా?"

"ఇంకెవరే, అయిపోయింది."

ఎప్పుడో పోయిన అమ్మ కూడా ఉంది నాన్నా, నేనే లేను. నీ ఎడమ పక్క కుర్చీ నాదిగా! మూసుకున్న కళ్లే కదా అవి, వాటితో పనేముంది అక్కడ?

"సరే, లేచి అమ్మ కుర్చీలో కూర్చో" అన్నాను. మనసులోనే లేచి వెళ్లావు. వెళ్లి, "అరె, బుల్లి! మోచేతిదాకా అన్నం పూసుకుందే!" అని నవ్వావు. ఎంత సంతోషమేసిందనుకున్నావ్! ఉన్నాను, లోపలెక్కడో ఉన్నాను. ఆ సంతోషంలో బుద్ధి లేక అడిగాను, "మరి అక్కేది?" అని.

"అక్కెక్కడుందే ఇక్కడ?" అన్నావు.

నీకు మందు తెస్తున్న అక్క గుమ్మంలోనే ఆగిపోయింది. గ్లాసు నా చేతిలో పెట్టి వెనక్కి వెళ్లిపోయింది.

ఇక నువ్వు కోటు సగమే కత్తిరించి "అయిపోయింది" అంటే అయిపోదా మరి? మిగతా సగం నేను కత్తిరిస్తున్నాను, నేనే కుడుతున్నాను. డాక్టరమ్మ తిట్టింది. "ఆయన పొరపాటు ఆయనకి చూపించాలి. నువ్విలా సర్దేస్తూ పోతే ఆయనకెలా తెలుస్తుంది?" అంది.

చూపించానుగా ఓసారి! నీ ఎడమ చెయ్యి పట్టుకుని నీ కళ్ల ముందు పెట్టాను. "ఎవరిదే ఇది? మీ బాబాయి మర్చిపోయి వెళ్లాడా?" అన్నావు. మర్చిపోవడానికి చెయ్యేమన్నా గొడుగా నాన్నా! పడీపడీ నవ్వాను. నువ్వు మాత్రం దాని వేలు చూసి మొహం ముడుచుకున్నావు. "ఈ ఉంగరం నాది. కొట్టేశాడు వెధవ" అన్నావు. ఇక చూపించాలనిపించలేదు.

ఇవాళ మేష్టారు చూపించాడు కదా. బోసి చేతిని తిప్పి నీ కుడి పక్కకి తెచ్చాడు. అప్పుడు కనపడింది నీకు. కనపడగానే ఏమన్నావు?

"ఇది మా చిన్నదాని నిర్వాకం. నేను ఎక్కించిన చెయ్యి ఊడబీకి ఉంటుంది. సూది పట్టడం రాని మొహం!"

నేనేమన్నాను? "అవునండీ, నాదే పొరపాటు" అన్నాను. మేష్టారు మంచివాడు, నొప్పించకుండా చెప్పాడు. "ఇంకా నేర్చుకునే పిల్ల, పోనివ్వండి. కానీ చెయ్యి మటుకు మీరే ఎక్కించండి. పోయినసారి కోటుకి ఆ ఎడమ చెయ్యి ఎంత బాగా కుదిరిందనీ! కర్ర ఎంత పైకెత్తినా భుజం లాగలేదు."

పోయినసారి ఎడమ చెయ్యి! నేనెక్కించింది!

నువ్వేమో మీసం సవరించుకుని, "ఇన్నేళ్ల అనుభవమండీ" అన్నావు. అబద్ధం కాదు. నువ్వు నిజంగానే అనుకుంటున్నావు. కోప్పడదామంటే కూడా నీలో మనిషి దొరకడు నాకు.

చెప్పేద్దునా? ఏం లాభం? నమ్మవు. నమ్మితే మాత్రం? ఆ పూటకి కుమిలిపోతావు, మర్నాటికి మళ్లీ నిండుగా ఉంటావు. కుమలడం నాకొక్కదానికే మిగులుతుంది.

డాక్టరమ్మ మొన్న మమ్మల్నిద్దర్నీ బయటికి పిలిచింది. "రావలసిన మెరుగు మొదట్లోనే వచ్చేసిందమ్మా. ఇక ఇంతే" అంది. అక్క గోడవారగా కూర్చుని ఏడ్చింది. నేనూ దాని పక్కనే కూర్చుని వీపు రాశాను. ఏడుపు రాలేదు నాన్నా. హమ్మయ్య అనిపించింది.

విన్నావా? హమ్మయ్య అనిపించింది.

నీకు నయమైతే నాకు మళ్లీ బొత్తాలూ కాజాలే కదా! ఒక్కనాడైనా కోటు చెయ్యి ముట్టనిచ్చావా నన్ను? నీ తలలో ఎండిపోయిన ఆ కాస్త మేరే నాకు దొరికిన చోటు. అదీ నీ పేరు మీదే నడుస్తోంది. నా కుట్టు నీ కుట్టులా ఉండాలని అంత కష్టపడి నేర్చుకున్నానే, ఎవరు పోల్చుకుంటారిక?

ఏం చేస్తాం. పొద్దున్నే లేచి ఆ చెయ్యి ఎక్కిస్తాను. బాగానే కుదురుతుంది. నిన్నే మెచ్చుకుంటారు.